సముద్రపుటొడ్డున తాబేలు కనిపిస్తే



మాఘమాసం వచ్చిందంటే ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ మనవాళ్ళ ఇళ్ళల్లో సముద్రస్నానం ప్రస్తావన వస్తుంది. అంతర్వేది తీర్థానికి వెళ్ళేవారు కొందరు, పేరుపాలెం వెళ్ళి ఓ పూట గడిపి వచ్చేవారు కొందరు. పెద్దవాళ్ళకు పుణ్యం, పిల్లలకు ఇసుకలో ఆటలు, మనకు తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, దద్దోజనం డబ్బాకెత్తుకునే పని. అంతా బాగానే వుంటుంది. కాని అక్కడ మనకు తారసపడే ప్రాణుల గురించి మాత్రం బయలుదేరేముందు ఒక్క ముక్కా అనుకోం. సముద్రమంటే నీళ్ళూ, అలలూ, గవ్వలూ అని మన లెక్క. తీరా ఒడ్డున ఇంత లావు తాబేలు పడివుంటేనో, వలలోంచి చారల పాము జారిపడితేనో, కాలికి ఏదో తగిలి భగ్గుమంటేనో అప్పుడు అందరం గుమిగూడి తలో మాటా చెబుతాం. అందులో నిజమెంత, చెయ్యవలసినదేమిటి అన్నది ఇవాళ చెప్పుకుందాం.

అడవిప్రాణిని చూడడం మన ప్రాంతం వాళ్ళకు కొత్తేమీ కాదు. కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళినవారు గూడబాతుల్ని చూసే వుంటారు. అంతంత పెద్ద ముక్కులూ, ముక్కుకింద సంచీలూ వేసుకుని గూళ్ళమీద కూర్చుని వుంటాయి. అక్కడ మనం పడవలో వుంటాం, అవి గూళ్ళల్లో వుంటాయి. మధ్యలో నీళ్ళున్నాయి. పిల్లవాడు ఎంత మారాం చేసినా చెయ్యి అందదు. పైగా 1999 నుంచీ కొల్లేరు అభయారణ్యం కాబట్టి కనిపెట్టి చూసేవాళ్ళు వుంటారు. సముద్రపుటొడ్డున ఆ వసతి లేదు. తాబేలు మీ కాళ్ళ దగ్గరే వుంటుంది, పక్కన చెప్పేవాడూ వుండడు.

తాబేలు సంగతి ముందు ఎత్తుకున్నానంటే కారణం వుంది. మన తీరానికి జనవరి మొదలు మార్చి దాకా ఎక్కువగా వచ్చే అతిథి అదే. ఆలివ్ రిడ్లే అంటారు దాన్ని. డిప్ప ఆకుపచ్చా బూడిదా కలిసిన రంగులో వుంటుంది కాబట్టి ఆ పేరు. పెద్దదానికి డిప్ప రెండడుగుల పైచిలుకు పొడుగుంటుంది, నలభై కిలోల దాకా తూగుతుంది. కొల్లేరు పక్క చెరువుల్లోనూ, కాలవగట్లమీదా మనకు కనిపించే తాబేలుకీ దీనికీ చాలా తేడా వుంది. మన చెరువు తాబేలుకు గోళ్ళున్న పాదాలుంటాయి, చప్పుడైతే చాలు తలా కాళ్ళూ లోపలికి లాక్కుంటుంది. సముద్రపు తాబేలుకు పాదాల చోట తెడ్లుంటాయి. తల లోపలికి లాక్కునే వీలే లేదు దానికి. అంటే మనం చుట్టూ మూగినా, కుర్రాళ్ళు పుల్లతో పొడిచినా అది ఎక్కడా దాక్కోలేదన్నమాట. "కదలకుండా వుంది, భయం లేదు కాబోలు" అనుకుంటాం మనం.

ఆడతాబేలు నేలమీదకు వచ్చేది గుడ్లు పెట్టడానికే. మగది గుడ్డులోంచి పుట్టి నీళ్ళలోకి వెళ్ళిందంటే తిరిగి ఒడ్డుకు రావడం అరుదు. ఆడది మాత్రం పదేళ్ళో, పదిహేనేళ్ళో సముద్రంలో పెరిగి పెద్దదై, తాను పుట్టిన తీరప్రాంతానికే వెతుక్కుంటూ వస్తుంది. మనం పురిటికి పుట్టింటికి వచ్చినట్టేగదా! దారి ఎలా తెలుసుకుంటుందీ అంటే, భూమికి వున్న అయస్కాంత శక్తిని పసిగట్టి అని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పుట్టింటికి వచ్చిందన్న మాటేగాని పదకొండు రోజులు వుండేది లేదు, స్నానం లేదు, పథ్యం లేదు. రాత్రిపూట మెల్లిగా ఇసుకమీద పాక్కుంటూ వచ్చి, తడి తగలని ఎత్తు చూసుకుని, వెనక తెడ్లతో కుండ ఆకారంలో మూరెడు లోతు గొయ్యి తవ్వుతుంది. అందులో వందా, నూటయిరవై దాకా గుడ్లు పెడుతుంది. తెల్లగా, గుండ్రంగా, పిల్లలాడే పింగ్‌పాంగ్ బంతుల్లా వుంటాయి. పెంకు కోడిగుడ్డులా పెళుసుగా వుండదు, మెత్తటి తోలులా వుంటుంది. ఆపైన ఇసుక కప్పి, తన బరువంతా వేసి అటూ ఇటూ ఊగుతూ దిమ్మిస కొట్టినట్టు చదును చేసి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇదంతా గంటలోపు పని. తెల్లారాక మీకు కనిపించేది ట్రాక్టరు చక్రం పోయినట్టు ఇసుకమీద ఒక చార, అంతే.

గుడ్లు పెట్టేటప్పుడు దాని కళ్ళల్లోంచి నీళ్ళు కారతాయి. పురిటినొప్పులకు ఏడుస్తోంది పాపం అంటారు చూసినవాళ్ళు. నిజానికి అది ఏడుపు కాదు. అది తిండితోపాటు ఉప్పునీరే తాగుతుంది కాబట్టి, ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే గ్రంథులు కళ్ళ వెనక వున్నాయి. సముద్రంలో వున్నప్పుడూ అది కారుతూనే వుంటుంది, నీళ్ళలో మనకు కనపడదు.

ఇక గుడ్ల సంగతి. ఇళ్ళల్లో కోళ్ళు పెంచిన అనుభవం మనలో చాలామందికి వుంటుంది. పొదిగే కోడి రోజూ గుడ్లను ముక్కుతో అటూ ఇటూ దొర్లిస్తుంది, అలా చెయ్యకపోతే పిల్ల సరిగా ఎదగదు. తాబేలు గుడ్డు దీనికి పూర్తిగా విరుద్ధం. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తరవాత గుడ్డు తిరగబడిందా, పిండం చచ్చిపోతుంది. అందుకే అటవీశాఖ వాళ్ళు గుడ్లను సంరక్షణ కేంద్రానికి తరలించాలంటే తెల్లవారేలోపే తీరమంతా తిరిగి ఏరుకుని, ఏ పక్క పైకి వుందో ఆ పక్కే పైకి వుండేలా పట్టుకెళ్ళి మళ్ళీ ఇసుకలో పాతిపెడతారు. ఇప్పుడు ఆలోచించండి. మన పిల్లలు ఇసుక గూళ్ళు కడుతూ తవ్వుతారు, గుడ్లు బయటపడతాయి. చూసి ముచ్చటపడి చేతుల్లోకి తీసుకుంటారు. అయ్యో పాపం, మళ్ళీ పెట్టేసి కప్పండ్రా అని మనం మంచి మాటే చెబుతాం. పిల్లలు కప్పేస్తారు కూడా. కాని ఏ గుడ్డు ఏ వైపు తిరిగివుందో ఎవరికి తెలుసు? గుడ్లు కనిపిస్తే ఒక్కటీ కదపకుండా పైన ఇసుక వేసెయ్యడం, కుక్కలు రాకుండా ఎవరినైనా దగ్గర నిలబెట్టి అక్కడి మత్స్యకారులకో, మెరైన్ పోలీసులకో చెప్పడం, చెయ్యగలిగింది ఇంతే.

ఆ గుడ్లను పొదిగేది ఇసుకలోని వెచ్చదనమే. 45 నుంచి 60 రోజులు పడుతుంది. పాలు తోడు పెట్టినప్పుడు వెచ్చదనం కాస్త అటూ ఇటూ అయితే పెరుగు తీరే మారిపోతుంది చూడండి, అలా ఇక్కడ పుట్టేది ఆడో మగో కూడా ఆ వెచ్చదనమే తేలుస్తుంది. ఇసుక వేడి 29, 30 డిగ్రీల దగ్గర వుంటే రెండూ కలిసి పుడతాయి. అంతకన్న వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లబడితే మగవి ఎక్కువ. మన దగ్గర ఎండలు ఏటేటా ముదురుతున్నాయి కాబట్టి మగతాబేళ్ళు తగ్గిపోతాయేమోనని ఇప్పుడు ప్రపంచమంతటా బెంగ పట్టుకుంది. మనుషుల్లో ఆడపిల్ల పుడితే ఇప్పటికీ మొహం ముడుచుకునేవాళ్ళున్నారు, తాబేళ్ళ ఇంట్లో వచ్చిన కష్టం మరో రకం!

పిల్లలు ఇసుక చల్లబడ్డాక, ఎక్కువగా రాత్రివేళ, ఒక్కసారిగా బిలబిలమంటూ బయటికి వస్తాయి. అరచేతిలో ఇమిడేంత వుంటాయి. ఎటు వెళ్ళాలో చెప్పే తల్లి దగ్గర లేదు. చీకటి రాత్రి ఒడ్డుకన్న నీళ్ళే కాస్త వెలుగ్గా కనిపిస్తాయి, ఆ వెలుగుకేసి పరుగెడతాయి. మరి ఒడ్డున హోటలు దీపాలో, కారు లైట్లో, మన చేతిలో సెల్‌ఫోన్ లైటో వెలిగిందనుకోండి, అటే వచ్చేస్తాయి. తెల్లవారేసరికి రోడ్డుమీద చక్రాలకింద పడో, కాకుల పాలయ్యో, ఎండకు మాడిపోయో వుంటాయి. తల్లి విషయంలోనూ అంతే, గొయ్యి తవ్వుకోకముందు వెలుగు చూస్తే బెదిరి వెనక్కి వెళ్ళిపోతుంది. కాబట్టి రాత్రిపూట తీరాన వుండేవాళ్ళు లైట్లు ఆపుకోవాలి. ఫోటో తీసుకోవాలన్న సరదా వున్నా సరే, ఫ్లాష్ వద్దు.

ఇంకొకటి. పిల్ల ముద్దుగా వుందని టిఫిను గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసి, ఇంటికి తీసుకుపోదామని పిల్లలు పట్టుపడతారు. కొందరు ఈదుతోందో లేదో చూద్దామని కాసేపు బకెట్లో వేస్తారు. అది పుట్టినప్పుడు ఒంట్లో గుడ్డుసొన తాలూకు బలం కొద్దిగా మిగిలివుంటుంది. ఆ బలంతోనే ఒక రోజంతా ఆగకుండా ఈది లోతునీళ్ళకు చేరుకోవాలి. బకెట్లో ఈదించి ఆ బలం ఖర్చుచేయిస్తే, తరవాత దాన్ని సముద్రంలో వదిలినా అలల్ని దాటలేదు. వేలల్లో ఒకటి బతికితే గొప్ప అని చెబుతున్న ప్రాణి అది. అదీగాక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి జాబితాలో వున్న జీవి. దాన్నిగాని, గుడ్లనుగాని పట్టుకెళితే మూడు నుంచి ఏడేళ్ళ వరకూ జైలు, జరిమానా వున్నాయి. పిల్లలకు ఆ మాట చెప్పి భయపెట్టనక్కరలేదనుకోండి, పెద్దవాళ్ళకు తెలిసుండాలి.

పెద్ద తాబేలు ప్రాణంతో ఒడ్డున పడివుంటే మనవాళ్ళు ఏం చేస్తారు? కూర్మావతారమని పసుపూ కుంకుమా చల్లి దండం పెట్టేవారు వుంటారు. అందులో చెడ్డేమీ లేదు, మన తీరాన మత్స్యకారులు ఎంతోమంది వలలో పడ్డ తాబేలును అలా దండం పెట్టే వదిలేస్తారు. ఆ భక్తి వల్ల బతికిన తాబేళ్ళు ఎన్నో. పసుపు కళ్ళల్లో, ముక్కులో పడకుండా చూడండి, అంతే. దాని నోట్లో మంచినీళ్ళు పొయ్యకండి. తెడ్లు పట్టుకుని లాగకండి, ఎముకలు విరుగుతాయి. వెల్లకిలా తిప్పకండి, బరువంతా ఊపిరితిత్తులమీద పడుతుంది. వెంటనే నీళ్ళలోకి నెట్టెయ్యడం కూడా మంచిది కాదు. అది చేపలా నీళ్ళలో ఊపిరి తీసుకునేది కాదు, మనలాగే గాలి పీల్చాలి. సత్తువలేనిదాన్ని నీళ్ళలో తోస్తే మునిగి చస్తుంది. వలలో చిక్కి నీళ్ళు మింగి చచ్చినట్టు పడివున్నది కూడా కొన్ని గంటలకు తేరుకోవచ్చు. ఎండగా వుంటే గొడుగు పట్టి, డిప్పమీద తడిగుడ్డ కప్పి, ముక్కులు మాత్రం మూయకుండా వుంచి, అటవీశాఖకు కబురు పెట్టడమే. గుంపును దూరంగా నిలబెట్టడం మనలాంటి పెద్ద ఆడవాళ్ళకే సాధ్యం. కుర్రాళ్ళను పోలీసు కసిరితే వినరుగాని, ఓ పెద్దావిడ "ఏవిట్రా అది?" అంటే వెనక్కి తగ్గుతారు!

చచ్చిన తాబేళ్ళే మనకు ఎక్కువ కనిపిస్తాయి. అంతర్వేది వైపు అవి ఒడ్డుకు కొట్టుకువచ్చాయన్న వార్త చలికాలం చివర పత్రికల్లో వస్తూనే వుంటుంది. 2025 జనవరిలో చెన్నై పరిసరాల్లో వందలకొద్దీ కొట్టుకువచ్చాయి. అదే నెలలో కాకినాడ తీరంలో జరిగిన మరణాలమీద మన రాష్ట్రంలోనూ విచారణకు ఆదేశించారు. కారణాల్లో పెద్దది, మరబోట్లు నీళ్ళ అడుగున ఈడ్చుకుపోయే ట్రాల్ వలలు. రొయ్యల కోసం వేసిన వలలో తాబేలు పడుతుంది. పైకి వచ్చి గాలి పీల్చుకోలేక, వల లాగేలోపు ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. చచ్చినదాన్ని సముద్రంలో పారేస్తే కెరటాలు తెచ్చి మన ముందు పడేస్తాయి.

దీనికి మందు లేకపోలేదు. వల మధ్యలో ఒక జల్లెడలాంటి ఊచల చట్రం బిగిస్తారు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వల చివరికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపడేలా దీన్ని తయారుచేసింది. కాని ఆ కంతలోంచి కొంత సరుకు కూడా పోతుందని బోటువాళ్ళ గోడు. పోయేది వాళ్ళ కూలి. ఆ నష్టం ఎవరు భరిస్తారో తేల్చకుండా చట్రం బిగించండని ఊరికే చెబితే ఎవరు వింటారు? మరబోట్లు తీరానికి ఎనిమిది కిలోమీటర్ల లోపలికి రాకూడదన్న నిబంధన మన రాష్ట్రంలో 1994 నాటి చట్టంలోనే వుంది. అది సరిగా అమలైతే నాటుపడవల వాళ్ళకూ మేలు, తాబేలుకూ మేలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వుందిగదా అంటారేమో, అది చేపలు గుడ్లు పెట్టే కాలానికి పెట్టింది. అప్పటికి తాబేలు తల్లులు చాలావరకు వచ్చి వెళ్ళిపోయివుంటాయి.

ఈ చట్రం గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా కూడా వెళ్ళింది. చట్రం లేని వలలతో పట్టిన సముద్రపు రొయ్య మాకు వద్దని అమెరికా అంటే, భారతదేశం, పాకిస్తాను, మలేషియా, థాయిలాండు కలిసి ఫిర్యాదు చేశాయి. 1998లో తీర్పు వచ్చింది. తాబేళ్ళను కాపాడాలనుకోవడం తప్పు కాదుగాని, అమెరికా ఒక్కో దేశాన్ని ఒక్కోలా చూసిన పద్ధతి తప్పని చెప్పారు. 2019లో అమెరికా మళ్ళీ మన సముద్రపు రొయ్యను ఆపేసింది. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెంచే రొయ్యకు ఆ నిషేధం తగలలేదు. మనం బజార్లో బేరమాడి కొనుక్కునే సేరు రొయ్యల వెనక ఇంత కథ వుంది మరి.

తాబేలు సంగతే పెద్దదైపోయింది. తక్కినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను, కాని ఇవి మన పిల్లల ప్రాణానికి సంబంధించినవి కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఒడ్డున నిలబడి లాగే పెద్దవల బయటికి వస్తూంటే తాజా చేపల కోసం మనమంతా చుట్టూ చేరతాం. అందులో సముద్రపు పాములు కూడా వస్తాయి. తోక పడవ తెడ్డులా చదునుగా వుంటే అది సముద్రపు పామే. నేలమీద చురుగ్గా కదలలేదు కాబట్టి చచ్చిందనుకుంటారు. దాని విషం నాగుపాము విషానికి తీసిపోదు. కాటు పెద్దగా నొప్పి కూడా పుట్టకపోవచ్చు. కొన్ని గంటల తరవాత ఒళ్ళంతా నొప్పులు, కండరాలు బిగుసుకోవడం, మూత్రం నల్లగా రావడం మొదలవుతాయి. మన ఆసుపత్రుల్లో దొరికే పాముకాటు మందు నాగుపాముకూ, కట్లపాముకూ, రెండు రకాల పింజరులకూ పనిచేసేదే, దీనికి కాదు. కాబట్టి కాటుపడ్డ కాలో చెయ్యో కదలకుండా కట్టి, 108 పిలిచి, కృత్రిమశ్వాస పరికరాలున్న పెద్దాసుపత్రికే తీసుకెళ్ళాలి. వల విప్పేటప్పుడు పిల్లల్ని పది అడుగులు ఎడంగా నిలబెట్టండి, చేపలు బుట్టలోకి ఎత్తాక బేరం చెయ్యవచ్చు.

టేకు చేప తోకలో ముల్లుంటుంది. లోతులేని నీళ్ళలో ఇసుకకింద పడుకుని వుంటుంది, తొక్కితే పొడుస్తుంది. నీళ్ళలో అడుగులు ఎత్తివెయ్యకుండా కాళ్ళు ఈడ్చుకుంటూ నడిస్తే ఆ కదలికకు అదే తప్పుకుంటుంది. పొడిస్తే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టివుంచితే నొప్పి తగ్గుతుంది. వేడి ఎంతుందో పెద్దవాళ్ళు చెయ్యి పెట్టి చూశాకే పిల్లల కాలు పెట్టాలి. కాఫీ ఫ్లాస్కుతోపాటు వేడినీళ్ళ ఫ్లాస్కు ఒకటి తీసుకెళ్ళడం నా ఉద్దేశంలో మంచి అలవాటు. ముల్లు లోతుగా దిగితే లాగకండి, డాక్టరు తియ్యాలి.

జెల్లీ చేప ఒడ్డున సగ్గుబియ్యం జావ ఒలికినట్టు పడివుంటుంది. చచ్చినదైనా దాని దారాలు తగిలితే భగ్గుమని మండుతుంది. మండినచోట ఇసుకతో రుద్దడం, మంచినీళ్ళతో కడగడం రెండూ పనికిరావు, అతుక్కున్న దారాల్లోని విషం ఇంకా బయటికి వస్తుంది. సముద్రపు నీళ్ళతోనే కడిగి, దారాల్ని పుల్లతో తీసెయ్యండి. ఆ తరవాత వేడినీళ్ళు మేలు చేస్తాయి. ఊపిరాడకపోయినా, మొహం వాచినా ఆలస్యం చెయ్యకూడదు.

మరీ పెద్దవి కూడా ఒక్కోసారి వస్తాయి. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరానికి తిమింగల సొర ఒకటి వచ్చి చిక్కుకుంది. బాలింతలకు పెట్టే పాలసొర తెలిసిన మనకు సొర అంటే కూరేగాని, ఇది చేపల్లోకెల్లా పెద్దది. నోరెంత వున్నా తినేది చిన్నచిన్న జీవాల్నే, మనుషుల జోలికి రాదు. అటవీశాఖవాళ్ళూ, మత్స్యకారులూ కలిసి దాన్ని మళ్ళీ లోతునీళ్ళలోకి పంపించారు.

తాబేలు పిల్లల్ని చూడాలని మీ పిల్లలకు నిజంగా కోరిక వుంటే దానికి సరైన దారి వుంది. బాపట్ల దగ్గర సూర్యలంకలో, కృష్ణ సముద్రంలో కలిసేచోట వున్న కృష్ణా అభయారణ్యంలో, విశాఖ తీరంలో అటవీశాఖ సంరక్షణ కేంద్రాలు నడుపుతుంది. మాఘంలో పెట్టిన గుడ్లు ఉగాది అటూ ఇటూగా పిగులుతాయి. పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు ఎప్పుడో ముందుగా అక్కడి అటవీ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. తెల్లవారుజామునో, సాయంత్రమో వదులుతారు. గీసిన గీతకు ఇవతల, పిల్లల వెనకవైపు నిలబడండి. వాటికీ నీళ్ళకూ మధ్య ఎవరూ వుండకూడదు. వాటిని ఎత్తి నీళ్ళ దగ్గర పెట్టనక్కరలేదు, ఆ కాస్త ఇసుకమీద నడక వాటికి అవసరమే అంటారు. అన్నీ నీళ్ళలోకి వెళ్ళాక కూడా వెనకబడ్డది ఒకటో రెండో ఇసుకగుంటల్లో వుండిపోతాయి. కాలు తియ్యబోయేముందు కిందికి ఒకసారి చూసుకోండి.